తప్పిన కాల్స్ సున్నా

వేడినీళ్లు పోసి, కొబ్బరిపీచుతో లోపలి అంచులు రుద్ది, తనూజ ఆరో పాలక్యానును అరుగు మీద బోర్లించింది. ఇంకా నాలుగు మిగిలాయి. మేడ మీద గదిలో అద్దెకుండే పిల్ల ఇంటివాళ్ల క్యాన్లు కడగాలని ఎవరూ చెప్పలేదు. ఆదివారం పూట ఒక్కతే గదిలో కూర్చుంటే గోడలు చూడటం తప్ప పనుండదు. కిందికి దిగితే చేతికి ఏదో ఒకటి తగులుతుంది. దేవరకొండ అవతల తమ ఊళ్లో, ఇంట్లో రెండు బర్రెలుండేవి. పాలగిన్నెను వాసన రాకుండా కడగడంలో తనను మించినవాళ్లు లేరని తనూజకు ఓ చిన్న గర్వం. ఇలాంటి చిన్న చిన్న గర్వాలు ఆమె దగ్గర ఇంకా ఉన్నాయి. ఈ కథ వాటిలో కాస్త పెద్దదాని గురించి.

ఆ పెద్ద గర్వం ఏమిటంటే, తను మాట్లాడదు గాని అన్నీ గమనిస్తుందని. ఊరి బళ్లో లెక్కల సారు ఒకసారి "ఈ పిల్ల నోరు విప్పదు గాని కండ్లు మాత్రం ఖాళీగ ఉండవు" అన్నాడు. ఆ ఒక్క మాటను తనూజ పదేళ్లుగా భద్రంగా దాచుకుని, అప్పుడప్పుడు తీసి చూసుకుంటూ ఉంటుంది.

పట్నంలోని ఛత్రినాకలో ఆ ఇల్లు నర్సింహది. వెనక రేకుల కొట్టంలో పద్నాలుగు బర్రెలు, పక్కన పెరుగు తోడుపెట్టే గది, ముందు అరుగు. చుట్టుపక్కల నలభై ఇండ్లకు అతను పొద్దున, సాయంత్రం పాలు పోస్తాడు. సాయంత్రం ఏ ఇంటికి ఎన్ని పోయాలో చెప్పేది మాత్రం అతని తల్లి లలితమ్మ. డెబ్బై దాటిన మనిషి. ఐదున్నరకు కొడుకు బండికి క్యాన్లు కడుతుంటే ఆమె గడపలో నిలబడి, "మైసయ్యకు అర్ధ ఎక్కువ, టీచరమ్మకు ఇయ్యాల వద్దు" అని అప్పజెబుతుంది. చేతిలో కాగితం ఉండదు, పలక ఉండదు. ఆ లెక్క ఆమెకు ఎక్కడి నుంచి వస్తుందని తనూజ ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా అడగలేదు. గమనించేవాళ్లు అడగరు కదా.

ఏడో క్యాను దగ్గర ఉండగా నర్సింహ వచ్చి అరుగు మీద చతికిలబడ్డాడు.

"తనూజమ్మా, మీ కంపెనోళ్లు పెడ్తరు గద, ఫోన్ చేస్తే ఆడామె మాట్లాడ్తది, ఒకటి ఒత్తు, రెండు ఒత్తు అంటది. అది మన డెయిరీకి పెడ్తే ఎట్లుంటది?"

"మస్తుంటదన్నా."

"నవ్వరు గద ఎవలన్న?"

"ఎందుకు నవ్వుతరు?"

"బేగంబజార్ల మిఠాయి సేటు లేడా, ఆయన అంటడు, నర్సింహా, నీకు ఫోన్ చేస్తే కొట్టంల ఉంటవ్, లేకుంటే బండి మీద ఉంటవ్, నీతోని యాపారం ఎట్ల చెయ్యాలె అని. ఇంట్ల ఒక ఫోను, కొట్టంల ఒక ఫోను, పెరుగు అర్రల ఒక ఫోను. నంబరు మాత్రం నాయన కాలం నాటిదే ఉండాలె. అయితదా?"

తనూజ చేతిలోని పీచు ఆగిపోయింది. అవుతుంది. అవ్వడమే కాదు, అది ఆమెకు కావలసినదే.

ఆమె పనిచేసేది సుల్తాన్‌బజార్‌లో ఆఫీసులకు ఫోన్లు అమర్చే ఒక చిన్న కంపెనీలో. డిప్లొమా చదివి వచ్చింది గాని, వచ్చిన రోజు నుంచీ ఆమెను ఫిర్యాదుల కుర్చీలో కూర్చోబెట్టారు. ఎవరు ఏం చెప్పినా "ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేసి చూడండి" అనడమే ఉద్యోగం. సైట్ ఇంజనీరుగా పంపమని ధైర్యం చేసి అడిగితే, యజమాని మహేందర్ సారు ఆమెను పైనుంచి కిందిదాకా చూసి ఒక షరతు పెట్టాడు. "నీ అంతట నువ్వు ఒక్క సైటు పెట్టు. ఏడు రోజులు నడిపియ్యి. లోపం లేకుండ నడిచిందని కస్టమర్ సంతకం తీస్కరా. తెల్లారి సంది నువ్వు ఇంజనీరువి. తేలేదనుకో, మళ్ల నన్ను అడగొద్దు. ఆ కుర్చీల్నే రాజ్యమేలుకో."

సైటు ఎక్కడ దొరుకుతుందా అని ఆమె నెల రోజులుగా చూస్తోంది. అది వచ్చి అరుగు మీద కూర్చుంది.

ఆ సాయంత్రమే తనూజ కంపెనీ ఫారం తెచ్చి నర్సింహ ముందు పెట్టింది. పదకొండు ప్రశ్నలు. ఎన్ని లైన్లు? ఒకటి. ఎన్ని గదులు? మూడు. రోజుకు ఎన్ని కాల్స్ వస్తాయి?

"ఇంటి ఫోనుకా? మాట్లాడెటోళ్లు ముగ్గురో నలుగురో. కడమది అంత అమ్మ చూస్కుంటది," అన్నాడు నర్సింహ.

తనూజ "మూడు నుంచి నాలుగు" అని గుండ్రటి అక్షరాలతో రాసింది. ఆ "కడమది", అంటే మిగిలినది, ఏమిటని అడగడానికి ఫారంలో గడి లేదు. లలితమ్మ పది అడుగుల దూరంలో చిక్కుడుకాయలు తుంచుతోంది. ఆ ప్రశ్న ఎవరిని అడగాలో కొట్టంలోని బర్రెలకు కూడా తెలుసు.

తరువాతి ఆదివారం తనూజ సామాను దించింది. ఫోన్ల సర్వరు టిఫిను డబ్బా అంత ఉంటుంది. మూడు గదుల ఫోన్లకూ అదే పెద్ద. కాకపోతే దానికి పాత రాగితీగ భాష రాదు. దానికి తెలిసింది కంప్యూటర్ల భాష ఒక్కటే. నాయన కాలం నాటి లైను మీద వచ్చే ఫోనును ఆ భాషలోకి మార్చి చెవిలో వెయ్యడానికి ఇంకో డబ్బా కావాలి. దాని పేరు గేట్‌వే. వాకిట్లో కావలి కూర్చున్న మనిషిలాంటిది. ఎవరొచ్చినా ముందు దాని కంట పడాలి, అది లోపలికి చెబితేనే లోపలి ఫోను మోగుతుంది.

సర్వరు వెనక రెండు నెట్‌వర్క్ సాకెట్లున్నాయి. ఒకటి ఇంటి ఇంటర్నెట్ పెట్టెకు, రెండోది గేట్‌వేకు. తనూజ వాటిని అటుదిటు, ఇటుదటు పెట్టి, గంటన్నరసేపు సర్వరు పాడయిందనుకుంది. చివరికి ఫిర్యాదుల కుర్చీలో నేర్చిన విద్యతో ఆపి, మళ్లీ ఆన్ చేసింది. అప్పుడు కూడా పని చెయ్యకపోతే వైర్లు చూసింది. పక్కన నిలబడ్డ నర్సింహకు "మామూలుగ గిట్లనే ఒక గంట పడ్తది అన్నా" అని చెప్పింది. మాట్లాడని పిల్ల అబద్ధం ఆడితే ఎవరూ అనుమానించరు.

ఆ తరువాత స్వాగతం చెప్పే గొంతు. బయట రికార్డు చేయిస్తే ఖర్చని తనూజ తనే, పై గదిలో దుప్పటి కప్పుకుని, "నర్సింహ డెయిరీకి స్వాగతం. పాల కోసం ఒకటి, పెరుగు కోసం రెండు" అని తొమ్మిదిసార్లు చెప్పింది. తొమ్మిదింటిలో బాగా వచ్చిన దాంట్లో చివర ఒక బర్రె అరిచింది. తీసేస్తానంటే నర్సింహ ఒప్పుకోలేదు. "ఉండనియ్. నమ్మకముంటది."

ఇక చివరి పని. ఎనిమిది నెలలుగా ఆదివారం సాయంత్రాలు పై గదిలో ఉన్నప్పుడు తనూజ ఒకటి గమనించింది. కింద ఫోను ఒక్కసారి మోగి ఆగిపోతుంది. కాసేపటికి రెండుసార్లు మోగి ఆగిపోతుంది. ఎవరూ ఎత్తరు, ఎవరూ పట్టించుకోరు. పాత తీగ, ఎక్కడో చెమ్మ దిగి ఉంటుంది, ఉత్తుత్తి రింగులు వస్తున్నాయని ఆమె తేల్చుకుంది. ఇంటివాళ్లకే తెలియని జబ్బు తను కనిపెట్టినందుకు ఆమెకు లోలోపల ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేం. గేట్‌వేకు మందు రాసింది: మూడో రింగు దాకా కదలకు, ఒకటి రెండు రింగులతో ఆగిపోయేవాటిని లోపలికి పోనియ్యకు, లెక్కలోకి కూడా తీసుకోకు.

హాల్లోని పాత ఎర్ర ఫోనును తుడిచి అటక మీద పెట్టి, దాని చోట కొత్త నల్ల ఫోను పెడుతుంటే లలితమ్మ దగ్గరికి వచ్చింది. చాలాసేపు ఆ ఫోనును చూసి, ఒక్క ప్రశ్న అడిగింది.

"రింగు ఇనవడ్తదా, బిడ్డా?"

"పాతదానికంటె మంచిగ ఇనవడ్తదవ్వా," అంది తనూజ.

కంపెనీ ఫారంలో ఉండాల్సిన ప్రశ్న అదొక్కటే. ముసలామె అడిగింది. ఇంజనీరు కాబోయే పిల్ల దానికి నవ్వుతూ జవాబు చెప్పింది.

సోమవారం ఆఫీసులో కూర్చుని తనూజ తన కంప్యూటరులో ఛత్రినాక సర్వరును తెరిచి చూసింది. తప్పిన కాల్స్: సున్నా. మంగళవారం చూసింది. సున్నా. ఆ సున్నా ఆమెకు ఎంత ముద్దుగా కనిపించిందంటే, మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచే ముందు ఒకసారి, మూసిన తరువాత ఒకసారి చూసుకుంది.

బుధవారం సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నర్సింహ గొంతు వీధి మలుపు దాకా వినిపిస్తోంది.

"మూడు దినాల సంది ఇదే లొల్లి. మైసయ్య కొట్టిన్నంటడు, నువ్వు కొట్టలేదంటవ్. టీచరమ్మ వద్దని చెప్పిన్నంటది, నువ్వు చెప్పలేదంటవ్. వాళ్లందరు అబద్ధం, నువ్వొక్కదానివే నిజమా?"

లలితమ్మ గడపలో కూర్చుని ఉంది. "నాకు ఇనవడలే, బిడ్డా," అంది మెల్లగా.

"ఫోను మోగుతనే ఉన్నది గద. పొద్దున సేటు చేస్తె ఇనవడ్డది. ఫంక్షన్ హాలోడు చేస్తె ఇనవడ్డది. మైసయ్య చేస్తె ఇనవడదా? ఆయన పెండ్లానికి అన్నం లోపలికి పోతలేదు, పాలతోనే నడుస్తున్నది. ఆయన నా మొఖం మీదనే అన్నడు, పొయ్యకుంటె పొయ్యనని చెప్పు, ప్యాకెట్లు తెచ్చుకుంట అని." అప్పుడే లోపలికి వస్తున్న తనూజను చూసి అటు తిరిగాడు. "నువ్వు చెప్పు తనూజమ్మా. నీ మిషన్ల ఏమన్న తప్పున్నదా?"

సంతకానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. తనూజ దగ్గర సాక్ష్యం ఉంది. సంచీలోంచి సెల్లు తీసి చూపించింది.

"చూడన్నా. తప్పిన కాల్స్ సున్నా. వచ్చిన ప్రతి కాలూ లోపలికి వచ్చింది."

"మిషన్ అబద్ధమాడది గద," అన్నాడు నర్సింహ.

"ఆడదన్నా."

ఆమె సున్నాను చూపించింది. ఆ సున్నా పక్కనే వచ్చిన నంబర్ల వరస ఉంది. అందులో మైసయ్య నంబరు ఉందా అని ఒక్క వేలు కదిపి చూస్తే సరిపోయేది. గమనించే పిల్లకు ఆ పని తోచలేదు. పైగా ఆ పూట ఆమెకు దయ పొంగుకొచ్చింది. వయసు మీద పడితే కొన్ని రకాల శబ్దాలు చెవికి అందుతాయని, కొన్ని అందవని ఎక్కడో చదివింది. అది నర్సింహకు, అతని భార్య నందినికి వివరంగా చెప్పింది. తన ఎనిమిది నెలల కాపురంలో వాళ్లతో ఆమె అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి. శాలిబండలో ఆదివారం సాయంత్రం కూర్చునే చెవుల డాక్టరు ఒకాయన ఉన్నాడని, సెల్లులో వెతికి చిరునామా కూడా ఆమే తీసింది.

"చదువుకున్న పిల్ల ఉంటే ఇంటికి ఎంత ఆసరా," అంది నందిని.

లలితమ్మ తన రెండు అరచేతులనూ తిప్పి చూసుకుంటూ ఉండిపోయింది, వినికిడి అందులోంచి ఎక్కడో జారిపోయినట్టు.

గురువారం నుంచి ఇంటిల్లిపాదీ ఆమెతో గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టారు. అందరికంటే గట్టిగా తనూజ. శుక్రవారం పొద్దున ఆఫీసుకు పోతూ "అవ్వా, తిన్నవా?" అని అడిగితే పక్కింటాయన గోడ అవతలి నుంచి "ఆ, ఇప్పుడే తిన్న" అన్నాడు.

"మెల్లగనే అను, బిడ్డా. నేనీడనే ఉన్న," అంది లలితమ్మ.

శనివారం నాటికి పాల లెక్క నందిని చేతికి వచ్చింది. ఆమె ఒక నోటుబుక్కు పెట్టుకుని, సాయంత్రం ఒక్కో ఇంటికి తనే ఫోను చేసి అడగడం మొదలుపెట్టింది. నలభై ఇండ్లు అడిగేసరికి ఏడు దాటింది. పాలు ఆలస్యమయ్యాయి. ఐదున్నరకు లలితమ్మ అలవాటు కొద్దీ లేచి గడప దాకా వచ్చి, చెప్పడానికి ఏమీ లేక, అక్కడున్న చీపురు తీసి మూలకు పెట్టి వెళ్లిపోయింది. తనూజ అది చూసింది. పాపం అనుకుంది. అనుకుని, పైకి పోయి, మహేందర్ సారుకు ఇవ్వాల్సిన కాగితం నింపుకుంది. "పైన చెప్పిన సిస్టమ్ ఏడు రోజులు ఎటువంటి లోపం లేకుండా నడిచినది." కింద సంతకానికి గీత. సోమవారం పొద్దున పదిగంటలకు ఆ కాగితం ఆఫీసులో ఉండాలి.

ఆదివారం. సాయంత్రం ఐదున్నరకు డాక్టరు. నాలుగింటికే లలితమ్మ పెట్టెలోంచి ఆకుపచ్చ పట్టుచీర తీసి కట్టుకుంది. ఆస్పత్రికి అంత మంచి చీర ఎందుకని నందిని అంటే, "చెవులు పోయినయని చూపెట్టుకోనీకి పోతున్న, చీర గూడ పోయిందనుకోవద్దు గద," అంది. నందిని పెరుగు గదిలోకి వెళ్లింది. నర్సింహ కొట్టంలో పాలు పిండుతున్నాడు.

తనూజ హాల్లో గేట్‌వే ముందు కూర్చుని చివరి రోజు రీడింగులు రాసుకుంటోంది. లలితమ్మ పీట తెచ్చుకుని నల్ల ఫోను పక్కన కూర్చుంది. తల ఫోను వైపు వంచి, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కండ్లు మాత్రం గోడ గడియారం మీద పెట్టింది.

"ఏం చూస్తున్నవవ్వా?" అంది తనూజ, గట్టిగా.

"నాలుగు పది. మైసయ్య చాయ్ తాగే టైము. తాగినంక కొడ్తడు."

"ఏం కొడ్తడు?"

లలితమ్మ ఆమె వైపు వింతగా చూసింది. ఎనిమిది నెలలు ఈ ఇంట్లో ఉండి, ఇది తెలియనివాళ్లు ఉంటారా అన్నట్టు.

"రింగు. ఒక్క రింగు కొడ్తె అర్ధ లీటరు ఎక్కువ. రెండు కొడ్తె ఇయ్యాల వద్దు. కొట్టకుంటె ఎప్పటంతనే. ఎవలెవలు ఏ టైముకు కొట్టాలెనో మా ఇంటాయన ఉన్నప్పుడే పెట్టుకున్నం. అప్పుడు ఫోను ఎత్తితె పైసలు పడేటియి. ఇప్పుడు పడకున్నా, ఎత్తితె ముచ్చట్లు పడ్తయి. పాలు పొయ్యాల్నా, ముచ్చట పెట్టాల్నా?" గడియారం వైపు మళ్లీ చూసింది. "ఇప్పుడు ఆళ్లు కొడ్తనే ఉన్నరంట. నాకే ఇనవడ్తలేదు."

సరిగ్గా అప్పుడు గేట్‌వే మీద పచ్చదీపం ఒక్కసారి మినుకుమని ఆరిపోయింది.

నల్ల ఫోను మోగలేదు.

తనూజ ఆ దీపాన్ని చూస్తూ ఉండిపోయింది. చెమ్మ దిగిన పాత తీగ. ఉత్తుత్తి రింగులు. ఇంటివాళ్లకే తెలియని జబ్బు. చెవుల్లోంచి వేడి పొగలు వచ్చినట్టయింది, ఇన్నాళ్లూ ఆ ఇంట్లో చెవులు లేనిది ఎవరికో తెలిసిపోయి.

నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో ఆమెకు ముందు గుర్తొచ్చింది లలితమ్మ కాదు, సంతకం. రెండోది కూడా సంతకమే. చెబితే అది పోతుంది. ఏడు రోజుల్లో ఏడు రోజులూ లోపమే. చెప్పకుండా సరిచేస్తే? పని చిన్నదే. గేట్‌వేకు రాసిన మందు చెరిపేసి, అటక మీది ఎర్ర ఫోనును తీగకు నేరుగా కలిపితే చాలు. లైను మీద ఎవరు ఒక్క రింగు కొట్టినా అది మోగుతుంది. ఎత్తకుండా ఆరేడు రింగులు దాటితే అప్పుడు సర్వరు ఎత్తి స్వాగతం చెబుతుంది. "ఒక కొత్త సౌకర్యం పెట్టిన" అంటే సరిపోతుంది. అవ్వ చెవులు వాటంతట అవే బాగుపడతాయి. అందరూ సంతోషిస్తారు. తనూజ పది నిమిషాల్లో ఆ పని చేసేసింది. వైర్లు ఈసారి అటుదిటు పెట్టలేదు.

నాలుగున్నరకు ఎర్ర ఫోను మోగింది. ఒక్క రింగు. గది మొత్తం అదిరేలా.

లలితమ్మ ఉలిక్కిపడింది. తరువాత తల అడ్డంగా ఊపి, నవ్వింది.

"చూసినవా, బిడ్డా. ఇప్పుడు లేనియి గూడ ఇనవడ్తున్నయి."

"లేదవ్వా, నిజంగనే మోగింది," అంది తనూజ.

"నా మీద పావురంతోని, జాలితోని అంటున్నవ్."

"ఒట్టు, అవ్వా. నేను గూడ ఇన్న."

"నువ్వు మంచి పిల్లవు. నాలుగు దినాల సంది నాతోని గిట్లనే మంచిగ మాట్లాడ్తున్నవ్." లలితమ్మ ఆమె తల నిమిరింది. "పోనీలే. డాక్టరు ఏమంటడో చూద్దం."

మళ్లీ నాలుగూ నలభైకి మోగింది. ఐదుకు మోగింది. లలితమ్మ ఆ రెండుసార్లూ కండ్లు మూసుకుని, పెదవులు మాత్రం కదిపింది. ఇన్నాళ్లూ పోసిన జాలి అంతా ఇప్పుడు తనూజకే అడ్డం తిరిగి కూర్చుంది. ఆమె ఏం చెప్పినా ముసలామె దాన్ని దయ కింద జమ కట్టుకుంటోంది.

ఐదూ పదికి నర్సింహ చేతులు కడుక్కుని వచ్చాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. వాకిట్లో ఆటో ఆగిన చప్పుడైంది.

"ఇగ నడువ్, అమ్మా. డాక్టరు దగ్గర లైనుంటదంట. తనూజమ్మా, నువ్వేదో సంతకం అంటివి గద, తే. వచ్చేసరికి పొద్దుపోతది, మళ్ల నీకు పొద్దున లేటైతది." అటక మీద ఉండాల్సిన ఎర్ర ఫోను కింద కనబడింది. "ఇదెందుకు దించినవ్?"

"ఊరికెనే అన్నా. కొత్త సౌకర్యం."

"మంచిది."

అతను బల్ల మీద కాగితం పరిచి, జేబులోంచి పెన్ను తీశాడు. నర్సింహ సంతకం తెలుగులో, బడిపిల్లవాడిలా ఒక్కో అక్షరం నింపాదిగా పెడతాడు. మూడు అక్షరాలు పడటానికి మూడు క్షణాలు. ఆ మూడు క్షణాలు నోరు మూసుకోవడం తనూజకు కష్టమైన పని కాదు. పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పనే. సంతకం అయ్యాక చెబుదాం, డాక్టరు దగ్గరికి పోకముందే చెబుదాం, ఆటో దాకా వెళ్లి చెబుదాం అని ఆమె లెక్క వేసుకుంటూనే ఉంది. నర్సింహ "న" రాశాడు.

లలితమ్మ పీట మీంచి లేచి చెప్పులు వెతుక్కుంటోంది.

"అన్నా, ఆగు," అంది తనూజ.

అతను ఆగాడు.

"అవ్వకు ఏం కాలే. తప్పు నాది. ఒకటి, రెండు రింగులొస్తె లోపలికి పోనియ్యకని డబ్బాకు నేనే చెప్పిన. తీగల లోపమనుకున్న. మైసయ్య రోజు కొట్టిండు. ఫోను మోగలే. మోగనిది అవ్వకెట్ల ఇనవడ్తది?"

"ఎన్ని దినాల సంది?"

"పెట్టినకాడి సంది."

"తప్పిన కాల్స్ సున్నా అంటివి."

"వాటిని లెక్కల పట్టొద్దని గూడ నేనే చెప్పిన, అన్నా."

"మిషన్ అబద్ధమాడదంటివి."

"మిషన్ ఆడలే."

నర్సింహ పెన్ను పట్టుకుని అలాగే చూస్తున్నాడు. "మరి చెవుల డాక్టరని చెప్పింది ఎవలు?"

"నేనే."

పెరుగు గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ నందిని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అది నవ్వో, కోపమో తనూజకు తెలియలేదు. అన్నీ గమనించే పిల్లకు ఆ క్షణాన నేల మీది గచ్చు తప్ప ఏమీ కనబడటం లేదు.

ఒక చెప్పు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని లలితమ్మ నిలబడింది.

"అంటే ఇందాకటి సంది మోగింది నిజమేనా?"

"నిజమే అవ్వా."

"అప్పుడే చెప్పొచ్చు గద."

"చెప్పిన. నువ్వే నమ్మలే."

"నువ్వు గంత మంచిగ చెప్తె ఎట్ల నమ్ముత?" అంది లలితమ్మ. "గిట్ల ముందే ఏడ్సుకుంట చెప్తె నమ్ముదును."

తను ఏడుస్తున్నట్టు తనూజకు అప్పుడే తెలిసింది.

ఆటో అతను హారను కొట్టాడు. నర్సింహ కాగితం వైపు చూశాడు, తల్లి పట్టుచీర వైపు చూశాడు.

ఎర్ర ఫోను మోగింది. మళ్లీ మోగి, ఆగిపోయింది.

లలితమ్మ చేతిలోని చెప్పును కింద పెట్టింది. కాలిది విప్పింది. గడప దాకా నడిచి, ద్వారబంధం పట్టుకుని నిలబడింది.

"టీచరమ్మకు ఇయ్యాల వద్దు," అంది. "మూలమీది ఎల్లేష్ ఇంటికి అర్ధ ఎక్కువ. నాలుగూ నలభైది ఆయనదే. ఐదుకు కొట్టింది టైలరమ్మ, ఆమెకు గూడ అర్ధ. మైసయ్య చాయ్ తాగి కొట్టింది నేను ఇనలేదు."

"కొట్టిండవ్వా," అంది తనూజ. "దీపం వెలిగింది. ఒక్కసారి."

"అయితె ఆయనకు గూడ అర్ధ. ముందు ఆడికే పోవాలె. నాలుగున్నరది కిరాణం వైకుంఠం ఇంటిది, ఆళ్లకు సుట్టాలొచ్చిండ్రు."

నర్సింహ పెన్ను మూత పెట్టి కాగితం మీద ఉంచాడు. కాగితం మీద ఒక్క "న" ఉంది. దాని పక్కన గీత ఖాళీగా ఉంది. తనూజ దాన్ని తియ్యలేదు, అతను ఆమె వైపు జరపలేదు. ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడుచుకుని అతను క్యాన్ల దగ్గరికి వెళ్లాడు. పెద్ద క్యాన్లు బండికి కట్టాడు. లోపలికి వచ్చి, మైసయ్యకని ఒక చిన్న క్యాను విడిగా తీసుకుని, కొలపాత్రతో అర్ధ లీటరు పోశాడు. ఒక్క క్షణం ఆగి, ఇంకో అర్ధ పోశాడు. మూత బిగించాడు. గడపలో నిలబడ్డ తల్లి పక్కనుంచి, ఆమె చీరకు చెయ్యి తగలకుండా ఒదిగి, బయటికి వెళ్లిపోయాడు.